పావలా పతకానికి ముప్పావలా వైద్యం

ముందే చెప్పేస్తున్నా, తళతళా మెరిసే పతకం చూద్దామని వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను ఇచ్చినప్పుడు ఎంత నల్లగా ఉందో, పదకొండు వారాల తర్వాత చేతికొచ్చినప్పుడు కూడా దాదాపు అంతే నల్లగా ఉంది. దానికి 85 పౌండ్లు కట్టాను, రెండుసార్లు పోనూ రానూ పెట్రోల్ వేరే. అయినా సరే ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఇది తవ్వకాల్లో దొరికిన లోహపు వస్తువుల్ని బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాప్ గురించిన రివ్యూ. ఇంగ్లండ్ తూర్పు వైపున ఒక చిన్న ఊళ్లో, పాత గోదాం పైఅంతస్తులో ఉంటుంది. ఒకావిడే నడుపుతారు, సాయానికి వారంలో రెండు రోజులు ఒకబ్బాయి వస్తాడు. పేరు రాయొద్దని ఆవిడే అన్నారు, ఇప్పటికే చేతినిండా పని ఉందట. ఇలాంటివాళ్లు కావాలంటే ఐకాన్ అనే సంస్థ, అంటే పాత వస్తువులు పాడవకుండా కాపాడే ఇక్కడి కన్జర్వేటర్ల సంఘం, ఒక రిజిస్టర్ నడుపుతుంది, అందులో మీ ఊరికి దగ్గరలో ఎవరున్నారో వెతుక్కోవచ్చు. నేనూ అలాగే పట్టుకున్నాను.

సరే, పతకం సంగతి. లింకన్‌షైర్‌లో ఒక రైతు తన పొలంలో మెటల్ డిటెక్టర్‌తో తిరగడానికి నాకు అనుమతి ఇచ్చాడు. కోతలయ్యాక సెప్టెంబర్‌లో మొదలుపెట్టి మళ్లీ విత్తనాలు వేసేదాకా, దొరికిన ప్రతి ఆదివారం గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆ మోళ్ల మధ్య తిరుగుతుంటాను. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అని మా ఆవిడ అంటుంది, నిజమే. సాధారణంగా దొరికేవి సీసం ముక్కలు, గుండీలు, తూటా గొట్టాలు, కూల్‌డ్రింక్ డబ్బాల మూతలు. ఆ రోజు మాత్రం సిగ్నల్ బాగా వచ్చింది. జానెడు లోతులో గుండ్రంగా, నల్లగా, అరచేతి గుంటలో సరిపోయేంత బిళ్ల ఒకటి బయటపడింది. చేతిలోకి తీసుకోగానే గుండె ఒక్కసారి ఆగింది, వెండి క్రౌన్ అనుకున్నా. విక్టోరియా కాలపు క్రౌన్ నాణెం 38.6 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇదీ కొలిస్తే 38 వచ్చింది. కానీ క్రౌన్ బరువు 28 గ్రాముల పైచిలుకు. ఇది ఇంటికెళ్లి తూకం వేస్తే 18 కూడా సరిగ్గా లేదు. పైభాగంలో చిన్న రంధ్రం, ఆ రంధ్రంలో చిలుం పట్టి పచ్చగా మారిన ఉంగరం ముక్క. ఒకవైపు ఎవరో ఆడమనిషి తల ఉన్నట్టు నీడ, రెండోవైపు అంచు వెంబడి అక్షరాలు ఉన్నాయనిపించే గరుకు, అంతే. మిగతా అంతా పొక్కులు, ఆటలమ్మ పోసిన ఒళ్లులా.

అంటే సత్తు. మన ఇళ్లల్లో సత్తు గిన్నెలో చారు కాచేవాళ్లు చూడండి, దాదాపు ఆ జాతే. ఇక్కడ దీన్ని వైట్ మెటల్ అంటారు, ప్రధానంగా తగరం, దానికి కొంచెం ఆంటిమొనీ, కొంచెం రాగి, చవకరకం అయితే సీసం కూడా. కొత్తగా అచ్చు వేసినప్పుడు అచ్చం వెండిలా ధగధగలాడుతుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి అచ్చులో సన్నని గీత కూడా చక్కగా పడుతుంది, పైగా కారుచవక. అందుకే విక్టోరియా కాలంలో ప్రతి సందర్భానికీ ఒక సత్తు పతకం కొట్టేవారు. 1851లో హైడ్ పార్క్‌లో గ్రేట్ ఎగ్జిబిషన్ జరిగితే ఆ గాజు మేడ బొమ్మతో పతకాలు, వంతెన కడితే పతకం, టౌన్ హాల్ తెరిస్తే పతకం, మందు మానేశానని ఒట్టేసినవాడికి కూడా పతకం. బర్మింగ్‌హామ్‌లో దీనికోసమే కార్ఖానాలు నడిచాయి. ఇక రాణిగారి యాభై ఏళ్ల పండుగ 1887లో, అరవై ఏళ్ల పండుగ 1897లో వచ్చినప్పుడైతే బడి పిల్లలకి పప్పుబెల్లాల్లా పంచారు. రంధ్రం ఉండేది అందుకే, రిబ్బన్‌తో చొక్కాకి తగిలించుకోవడానికి. 1887 జూన్ 22న హైడ్ పార్క్‌లో దాదాపు 30,000 మంది పిల్లల్ని పోగేసి బన్ను, పాలు, రాణి బొమ్మ ఉన్న కప్పు ఇచ్చారు. చిన్న ఊళ్లలో కప్పు దాకా పోలేనివాళ్లు పతకంతో సరిపెట్టారు.

నా చేతిలో ఉన్నది ఏ పండుగదో తెలుసుకోవడం ఎంత కష్టమో చూడండి. భూతద్దం పెట్టి గంటసేపు చూస్తే నాకు కనబడింది ఒక 18, ఒక ఖాళీ, ఒక 7. విక్టోరియా రాణి గద్దెనెక్కింది 1837లో. స్వర్ణోత్సవం 1887. వజ్రోత్సవం 1897. మూడూ ఏడుతోనే ముగుస్తాయి! పైగా పండుగ పతకాల మీద సాధారణంగా 1837 కూడా వేస్తారు. కాబట్టి ఆ 7 నాకు ఏమీ చెప్పలేదు, ఊరికే వెక్కిరించింది.

చట్టం సంగతి కూడా ఒక ముక్క, ఎవరైనా అడుగుతారు కాబట్టి. ఇది ట్రెజర్, అంటే చట్టం లెక్కలో నిధి, కిందకి రాదు. 1996 ట్రెజర్ చట్టం ప్రకారం మామూలుగా వస్తువుకి 300 ఏళ్లు నిండాలి, అందులో కనీసం పదో వంతు వెండో బంగారమో ఉండాలి. 2023 జులైలో ఇంకో రకం కలిపారు, 200 ఏళ్లు దాటి చాలా ప్రత్యేకమైనదైతే మామూలు లోహమైనా సరే అని. 1887 పతకానికి 200 ఏళ్లు నిండేది 2087లో, అప్పటికి నేనే ఎవరి డిటెక్టర్‌కో దొరకాలి. దొరికిన పాత వస్తువుల్ని నమోదు చేసే అధికారి, మా జిల్లా ఫైండ్స్ లైజన్ ఆఫీసర్‌కి ఫోటో పంపితే మర్యాదగా సమాధానం ఇచ్చారు. వాళ్లు ముఖ్యంగా 1700కి ముందువే నమోదు చేసుకుంటారు, నచ్చితే మీరే ఉంచుకోండి అన్నారు. రైతుతో నాకు సగం సగం ఒప్పందం ఉంది, ఆయన చూసి "సున్నాలో సగం నాకొద్దులే" అని నవ్వేశాడు.

మరి ఇంత పనికిరాని దానికి వైద్యం ఎందుకంటే, అంతకుముందు నేను ఒక హత్య చేసి ఉన్నాను. రెండేళ్ల కిందట నాకు 1897 నాటి ఇత్తడి పతకం ఒకటి దొరికింది. ముఖం బాగానే ఉంది, కాస్త చిలుం తప్ప. అప్పుడు ఆన్‌లైన్‌లో ఎలక్ట్రాలిసిస్, అంటే కరెంటుతో తుప్పు వదిలించే క్లీనింగ్ కిట్ ఒకటి కొన్నాను, పేరు చెప్పను, ప్లాస్టిక్ తొట్టి, రెండు క్లిప్పులు, కరెంటు డబ్బా, ఉప్పులాంటి పొడి. పది నిమిషాలు చాలు అని రాసుంది. నేను ఫోన్ మాట్లాడుతూ నలభై నిమిషాలు ఉంచాను. బయటికి తీస్తే ఇత్తడి రంగు పోయి గులాబీ రంగు తేలింది, జింకు కరిగిపోయి వట్టి రాగి మిగిలితే అలా అవుతుందట, రాణిగారి ముక్కూ కన్నూ కలిసి ఒక గుంట. అంతటితో అయిపోయిందా అంటే లేదు. మూడు వారాలకి దానిమీద లేతాకుపచ్చ పొడి రాలడం మొదలైంది. దాన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు. నేలలోని క్లోరైడ్లు లోహం లోపల దాక్కుని ఉంటాయి, గాలీ తేమా తగలగానే పని మొదలుపెడతాయి, ఆ పనిలో పుట్టిన ఆమ్లం మళ్లీ కొత్త రాగిని తింటుంది. ఆ పతకం ఇప్పుడు ఒక డబ్బాలో పొడి కిందే లెక్క.

కాబట్టి ఈసారి ముట్టుకోలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకి చూపిస్తే, "దానికేముంది రా, చింతపండు పెట్టి తోమితే ధగధగలాడుతుంది" అంది. మా అమ్మ దగ్గర దేవుడి పెట్టెలో ఒక విక్టోరియా రూపాయి ఉంది, విక్టోరియా ఎంప్రెస్ అని రాసి ఉంటుంది, దాన్ని ప్రతి పండక్కీ విభూతితో రుద్ది రుద్ది రాణిగారికి బుగ్గలు లేకుండా చేసింది. అది వెండి, తట్టుకుంది. సత్తు మీద చింతపండు వేస్తే ఏమవుతుందో నాకు తెలియదు గానీ, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

వర్క్‌షాప్‌కి మొదటిసారి వెళ్లిన రోజు. పార్కింగ్ లేదు, ఇది ముందే రాసుకోండి, ఊరి బయట కారు ఆపి పావుగంట నడవాలి. మెట్లు నిటారుగా ఉంటాయి. పైన గది మాత్రం చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఆసుపత్రికీ కంసాలి కొట్టుకీ మధ్యలో ఏదోలా. ఆవిడ చేతికి గ్లవ్స్ వేసుకుని పతకాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి, ఒక నిమిషం చూసి, లేచి నిలబడి నన్ను కూర్చోమన్నారు. "మీరే చూడండి" అని. ఆ ఒక్క పనికే నేను ఒక స్టార్ ఇచ్చేస్తాను. ఇప్పటిదాకా నేను బురద అనుకున్నది బురద కాదు, తగరం తనంతట తాను మారిపోయిన పొర. పొక్కు అనుకున్నది లోపలి నుంచి ఉబ్బిన లోహం. ఆ పొర పైభాగంలో, అంటే నేను గీకేద్దామనుకున్న చోటే, రాణిగారి మేలిముసుగు తాలూకు లేసు అల్లిక కనబడుతోంది! బొమ్మ లోహంలో లేదు, తుప్పులో ఉంది. ఆ తుప్పు తీసేస్తే అడుగున నున్నటి గుంటల బిళ్ల మాత్రమే మిగులుతుంది. నేను ఎలక్ట్రాలిసిస్‌లో చేసింది సరిగ్గా అదే, చర్మం ఒలిచేసి ముఖం ఏదని వెతికాను.

ఇంతలో బుగ్గ మీద ఒక మెరిసే అడ్డగీత కనిపించింది. ఇదేంటి అని నేనే అడిగాను. ఆవిడ ఏమీ అనకుండా నా బొటనవేలి గోరు వైపు చూశారు. పొలంలో దొరకగానే మట్టి పోవాలని రుద్దాను కదా, ఆ గోరు. తర్వాత రిపోర్టులో కూడా దాన్ని "దొరికిన తర్వాత ఏర్పడిన గీత" అని రాశారు. నా పేరు వేయలేదు, అంతవరకు నయం.

తర్వాత ఎక్కడ ఉంచారు దీన్ని అన్నారు. నేను గర్వంగా చెప్పాను, ఓక్ చెక్కతో చేసిన పెట్టె, 30 పౌండ్లు పెట్టి కొన్నాను, లోపల వెల్వెట్ అని. ఆవిడ కళ్లు మూసుకున్నారు. ఓక్ చెక్కలోంచి ఆమ్లపు ఆవిరి నెమ్మదిగా వస్తూనే ఉంటుందట, సీసానికి అది విషం. అంచు మీద తెల్లటి మచ్చలు నాలుగైదు ఉన్నాయి, నేను సున్నపు మట్టి అనుకున్నాను, అవి సీసం తెల్లబారడం మొదలైన గుర్తులు. ఈ సత్తులో సీసం పాలు ఎక్కువే ఉన్నట్టుంది. నూట ముప్పై ఏళ్లు నాగలి దెబ్బలూ ఎరువులూ తట్టుకున్న దాన్ని నా వెల్వెట్ పెట్టె నాలుగు నెలల్లో తినడం మొదలుపెట్టింది. ముల్లు తీయబోయి మేకు దిగేయడం అంటే ఇదే.

నాతో డిటెక్టింగ్‌కి వచ్చే ఒకాయన ఇది టిన్ పెస్ట్ అని కొట్టిపారేశాడు, ఒకసారి పట్టుకుంటే పక్క పతకాలకి కూడా అంటుకుంటుంది, పారేయ్ అన్నాడు. దాని గురించి కూడా అడిగాను. ఆవిడ చెప్పింది ఆసక్తిగా ఉంది కాబట్టి రాస్తున్నా. స్వచ్ఛమైన తగరం 13.2 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే మెల్లగా వేరే రూపంలోకి మారి బూడిదలా పొడిగా రాలిపోగలదు, అది నిజంగా ఉన్న విషయమే. కానీ ఆంటిమొనీ లాంటివి కలిపితే అది చాలావరకు ఆగిపోతుంది. ఇంగ్లండ్ నేల ఏడాదిలో సగం పైగా అంతకంటే చల్లగానే ఉంటుంది, ఆయన చెప్పిందే నిజమైతే ఈ దేశంలో ఒక్క సత్తు గుండీ కూడా మిగలకూడదు. నేలలో దొరికిన సత్తు మీద నల్లపొక్కులు కనబడితే అందరూ టిన్ పెస్ట్ అంటారు, చాలాసార్లు అది మామూలు తుప్పే. ఉప్పు, తేమ, ఎరువులు కలిసి చేసిన పని.

ఫారం ఇచ్చారు. ఏం కావాలి అన్న చోట నేను "శుభ్రం చేయాలి" అని రాస్తే, ఆవిడ నా ముందే దాన్ని కొట్టేసి "ఇక పాడవకుండా ఆపాలి" అని రాసి, నన్ను సంతకం పెట్టమన్నారు. కాస్త కోపం వచ్చిన మాట నిజం. డబ్బులిచ్చేది నేను కదా. ఎక్స్‌రేకి 25, పనికి 60, మొత్తం 85 అన్నారు. ఇదే పతకం నేలలో పడకుండా ఎవరింట్లోనో సొరుగులో పెరిగినదైతే పది పదిహేను పౌండ్లకి నేనే కొన్నాను, నా దానికైతే ఎవరూ టీ డబ్బులు కూడా ఇవ్వరు. పావలా కోడికి ముప్పావలా మసాలా అనే సామెత మొదటిసారి నాకు ఇంగ్లీషులో చెప్పాలనిపించింది, చెప్పలేక సంతకం పెట్టాను.

ఆ తర్వాత నిశ్శబ్దం. ఇక్కడ నా ఫిర్యాదులు. మెయిల్ పెడితే జవాబు తొమ్మిది రోజులకి, పన్నెండు రోజులకి వచ్చేది, అదీ ఒక్క లైను. ఎక్స్‌రే మెషిన్ ఆవిడ దగ్గర లేదు, ఇలాంటి వస్తువులు పదో పన్నెండో పోగయ్యాక ఒక యూనివర్సిటీ ల్యాబ్‌కి తీసుకెళ్తారు. ఆ సంగతి మొదటి రోజే చెప్పుంటే నాకు టెన్షన్ ఉండేది కాదు, ఐదో వారంలో నేనే అడిగితే తెలిసింది. బిల్లు మాత్రం ఎక్స్‌రే కంటే ముందే వచ్చింది, దానికి తొమ్మిది రోజులు పట్టలేదు.

ఏడో వారంలో ఫోన్ మోగింది. మెయిల్ కాదు, ఫోన్. రెండు సంగతులు అన్నారు. మొదటిది, ఎక్స్‌రేలో అక్షరాలు తేలాయి. అచ్చు కొట్టినప్పుడు అక్షరం ఉన్నచోట లోహం మందంగా ఉంటుంది, కాబట్టి పైన ఎంత పొక్కులున్నా ఎక్స్‌రేలో ఆ మందం తెల్లగా కనబడుతుంది. 1837 ఒకవైపు, 1887 ఇంకోవైపు, మధ్యలో గులాబీ, తిసిల్ పువ్వు, షామ్‌రాక్ ఆకులు, అంటే ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ గుర్తులు. స్వర్ణోత్సవమే. రాణి తల మీద చిన్న కిరీటం కూడా తేలింది. 1887లో నాణేల కోసం బోయెమ్ అనే శిల్పి చేసిన బొమ్మలో ఆ కిరీటం ఎంత చిన్నదంటే జారి పడిపోతుందేమో అని జనం ఎగతాళి చేశారు, 1893లో కొత్త బొమ్మ తెచ్చి దాన్ని మార్చేశారు. నా సత్తు బిళ్ల మీద కూడా అలాంటి చిట్టి కిరీటమే, ఉసిరికాయంత.

రెండో సంగతికి ఆవిడ గొంతు మారింది. రంధ్రంలో ఉన్న పచ్చటి ఉంగరం ముక్క రాగి కలిసిన లోహమట. దాని చిలుం లోపల దారం పోగులు ఉన్నాయి! మెలితిప్పిన దారం, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. రాగి లవణాలున్న చోట సూక్ష్మజీవులు బతకలేవు, అందుకని పక్కనే ఉన్న బట్ట కుళ్లకుండా ఆ చిలుంలోనే ఇంకిపోయి నిలబడిపోతుంది. తవ్వకాల్లో కంచు పిన్నుల దగ్గర బట్ట ముక్కలు దొరికేది ఇలాగే అన్నారు. కాబట్టి ఉంగరం జోలికి అసలు పోను, సరేనా అని అడిగారు. సరే అన్నాను. నూలా నారా తేల్చడానికి వేరే పరీక్ష ఉంది, దానికి వేరే డబ్బు, అది వద్దన్నాను. ఎవరో పిల్లాడో పిల్లో చొక్కాకి కట్టుకున్న దారం. రిబ్బన్ అయి ఉండొచ్చు, రిబ్బన్ చిరిగాక అమ్మ కట్టిన కుట్టుదారం అయినా అయి ఉండొచ్చు. ఊడిపోయినప్పుడు ఇంటికెళ్లి ఎన్ని తిట్లు తిన్నారో. లేదంటే అసలు పొలంలో పడిందే కాదేమో, ఇంటి చెత్తలో పోయి, పొయ్యి బూడిదతో దొడ్డి ఎరువుతో కలిసి బండిమీద ఈ పొలానికి వచ్చిందేమో, ఆ రోజుల్లో చెత్తంతా చేలకే తోలేవారు.

నేను చింతపండు పెట్టినా, నిమ్మకాయ పెట్టినా, ఆ కిట్‌లో వేసినా ఆ దారం మొదటి నిమిషంలోనే పోయేది, అసలు ఉన్నట్టు కూడా నాకు తెలిసేది కాదు. 85 పౌండ్ల నొప్పి తగ్గింది ఆ ఫోన్ కాల్‌తోనే.

చేతికొచ్చింది ఏంటంటే: గట్టి ప్లాస్టిక్ డబ్బా, అందులో పతకం ఆకారానికి కోసిన తెల్ల ఫోమ్, ఒక సిలికా జెల్ పొట్లం, తేమ పెరిగితే రంగు మారే అట్టముక్క, మూడు పేజీల రిపోర్టు, ఎక్స్‌రే ప్రింటు. పతకం మీద వదులుగా ఉన్న మట్టి వరకు మైక్రోస్కోప్ కింద ముళ్లపంది ముల్లుతో (అవును, నిజంగానే ముళ్లపంది ముల్లు, స్టీలు కంటే మెత్తన, చెక్క కంటే గట్టిదట) తీసి, తెల్ల మచ్చల పొడి దులిపి, పారాలాయిడ్ బి-72 అనే పారదర్శకమైన పూత సన్నగా వేశారు. ఆ పూత నచ్చకపోతే రేపు ఇంకెవరైనా అసిటోన్‌తో తీసేయొచ్చు, ఆవిడకి అన్నిటికంటే ముఖ్యం అదేనట, తన పనిని ఇంకొకరు తుడిచేయగలగాలి. రాణిగారి ముసుగు లేసు ఇప్పుడు పక్కనుంచి లైటు వేస్తే మామూలు కంటికి కూడా కనబడుతుంది. ఎదురుగా చూస్తే మాత్రం ఇంకా కళాయి పోయిన గిన్నె అడుగే.

రిపోర్టు మీద చిన్న గొణుగుడు. సగం మాటలు నాకు అర్థం కాలేదు, ఒక పేజీ మామూలు భాషలో రాసిస్తే బాగుండేది. పైగా డబ్బా మీద అంటించిన లేబుల్‌లో నా ఇంటిపేరులో మూడు అక్షరాలు మింగేశారు. నూట ముప్పై ఏళ్ల కిందటి అక్షరాల కోసం ఎక్స్‌రే తీసినవాళ్లు, ఫారంలో నేను పెద్దక్షరాలతో రాసినవి చూసుకోలేదు. దిద్దమని చెబితే పెన్నుతో పైన రాసిచ్చారు.

ఎవరు వెళ్లాలి అంటే, నాలాగా ఒక వస్తువు మీద మనసు పడి, అమ్మే ఉద్దేశం లేనివాళ్లు. అమ్మడానికైతే దండగ, బాగుచేయించినా ధర ఒక్క పౌండు పెరగదు. సీసం ముక్కలు, గుండీలు, గుర్రపు నాడాలు మూటగట్టుకుని పోకండి, నేను ఒక గుండీ జేబులో వేసుకెళ్లి అడిగి చూశాను, ఆవిడ చూపుకే మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను. వెళ్లేదాకా మీ దగ్గర ఉన్నన్ని రోజులు మాత్రం ఓక్ పెట్టె వద్దు, నాణేలు పెట్టుకునే ఆ మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, నీళ్లతో కడగడం వద్దు, గోరు అసలే వద్దు. మూత గట్టిగా పట్టే మామూలు వంటింటి ప్లాస్టిక్ డబ్బా, అందులో చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేస్తే చాలన్నారు. అంతకంటే చవకైన సలహా నాకు ఆ గదిలో ఇంకేదీ దొరకలేదు.

ఇంకోటి. పాడైపోయిన ఆ ఇత్తడి పతకం పొడిని కూడా రెండోసారి వెళ్లినప్పుడు పట్టుకెళ్లాను. కాసేపు చూసి, దీనికి డబ్బు తీసుకోను, చేసేదేమీ లేదు అన్నారు. డబ్బా మూత పెట్టి ఇచ్చేస్తూ, ఆ పచ్చపొడి ఉన్న డబ్బాని మిగతా రాగి వస్తువులకి దూరంగా పెట్టమన్నారు. ఒప్పుకున్న పనికి బిల్లు ముందే పంపినా, చేయలేని పనికి పైసా అడగలేదు, అది కూడా రాయాలి కదా.

నాలుగు స్టార్లు. తగ్గించిన ఒకటి పూర్తిగా మెయిల్స్ కోసం. ఈ రివ్యూకి ముందూ తర్వాతా ఫోటోలు, ఆ ఎక్స్‌రే ప్రింటు పెడదామనుకుని, పెట్టొచ్చా అని ఆవిడకి మెయిల్ చేసి ఈ రోజుకి పదమూడు రోజులు. ఇంకా జవాబు రాలేదు, అందుకే ఫోటోలు లేవు.